ఎండాకాలంలో చివరి కొళాయి

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలామటుకు కురిసిపోతాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. నేల కింద ఉన్నది గట్టి రాయి, దాని పగుళ్లలో నిలిచినంతే నీరు. ఇలాంటి చోట తాగునీరు, మరుగుదొడ్లు, పరిశుభ్రత మూడూ కలిపి ఒక పథకం చేపట్టి, కొన్నేళ్లయ్యాక ‘ఇది ఫలించిందా?’ అని అడిగితే జవాబు ఎవరు చెప్పాలి? ఏ కొలతతో చెప్పాలి? గ్రామీణ నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు ఒకరు, పథకాల ఫలితాలను పరిశీలించే ఉద్యోగంలో ఉన్న యువతి ఒకరు ఈ విషయం మీద వాదించుకుంటున్నారు. ఇద్దరూ కల్పిత పాత్రలే. వాళ్ల వాదనలు మాత్రం ఈ జిల్లాల్లో నీటి మాట వచ్చిన ప్రతిచోటా వినిపించేవే.

ఇంజనీరు: అమ్మా, ముందే ఒక మాట. నా లెక్కలో పథకమంటే నీటి వనరు, పంపు, పైపులైను, ట్యాంకు, కొళాయి. ఎస్టిమేటులో రాసినట్టే కట్టామా, కొలతల పుస్తకం, అంటే ఎం-బుక్కులో ఎక్కించినవి నేల మీద ఉన్నాయా, ట్యాంకు నిండుతోందా? ఇంతవరకు అడగండి, నిలబడి జవాబు చెప్తాం. మీరేమో పిల్లలకు విరేచనాలు తగ్గాయా, ఆడవాళ్లకు తీరిక దొరికిందా, ఊరంతా సబ్బుతో చేతులు కడుక్కుంటోందా అని అడుగుతారు. పథకం చేతిలో లేనివాటికి పథకాన్ని ఫెయిల్ చేస్తే అది న్యాయం కాదు.

పరిశీలకురాలు: డబ్బు అడిగేటప్పుడు రాసిన ప్రతిపాదన ఒకసారి తీసి చూడండి సార్. మొదటి పేజీలో ప్రజల ఆరోగ్యం బాగుపడుతుందనీ, మహిళల శ్రమ తగ్గుతుందనీ రాసి ఉంటుంది. ఇన్ని కిలోమీటర్ల పైపు పాతడమే మా లక్ష్యం అని ఎవరూ రాయరు. ఏ మాట చెప్పి డబ్బు తెచ్చారో ఆ మాట ఎంతవరకు నిలబడిందో చూడటం నా పని. పైపు పాతినందుకు మీకు దండం పెడతాను. ఆ పైపులో నీళ్లు ఎవరి ఇంటి దాకా వెళ్లాయో కూడా అడుగుతాను.

ఇంజనీరు: అడగండి. కానీ మేం ఎక్కడి నుంచి మొదలుపెట్టామో తెలిసి అడగండి. మన రాష్ట్రంలో ఫ్లోరైడు జబ్బు గురించి డాక్టర్లు మొదటిసారి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాల గురించి. పొదిలి, దర్శి, కనిగిరి వైపు వంగిపోయిన వెన్నుతో, బిగుసుకుపోయిన కీళ్లతో నలభై ఏళ్లకే ముసలితనం వచ్చిన మనుషులు. మన అనంతపురంలోనూ అలాంటి ఊళ్లకు కొదవ లేదు. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చింది. సత్యసాయి ట్రస్టు డబ్బు పెట్టింది, ఎల్ అండ్ టీ కంపెనీ పని చేసింది, ఏడు వందలకు పైగా ఊళ్లకు రెండు మూడేళ్లలో పైపులు వెళ్లాయి. 1999లో దాని మీద తపాలా బిళ్ల కూడా వేశారు. ఎక్కడో నది ఇసుకలో, జలాశయంలో ఉన్న నీళ్లు మిట్టమీది పల్లెకు చేరడం చిన్న సంగతా? దానికి మీ సర్వే ఫారం ఎన్ని మార్కులు వేస్తుంది?

పరిశీలకురాలు: చాలా ఎక్కువ వేస్తుంది. ఆ పథకాన్నే తీసుకుందాం. కట్టడానికి పట్టింది రెండు మూడేళ్లు. నడపాల్సి వచ్చింది మూడు దశాబ్దాలకు దగ్గరగా. పంపు ఆపరేటర్ల జీతాలు, కరెంటు బిల్లులు, పగిలిన పైపులు, పూడిన బావులు, అన్నీ ఆ కాలమంతా ఎవరో ఒకరు చూడాల్సిందే. మనం ప్రారంభోత్సవం ఫొటోలు దాచుకుంటాం. ఇరవయ్యో ఏడు పంపు ఎలా నడుస్తోందో ఎవరు రాశారు? నేను చేసే పరిశీలన విలువ అక్కడ ఉంది.

ఇంజనీరు: అయితే సరే, ఇప్పటి పథకాల సంగతి చెప్పండి. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించారు. ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు. కొన్నేళ్లలో దేశమంతా కోట్ల కొళాయిలు పెట్టారు. ఇంత వేగం ఇదివరకు ఎప్పుడూ లేదు.

పరిశీలకురాలు: వేగం నిజం. 2022లో ఆ మిషనే కొళాయిల పనితీరు మీద దేశవ్యాప్తంగా సర్వే చేయించింది. మూడు పరీక్షలు పెట్టారు. చాలినన్ని నీళ్లు వస్తున్నాయా, వేళకు వస్తున్నాయా, తాగదగ్గవేనా? మూడింటిలోనూ నెగ్గిన ఇళ్లు 62 శాతం. విడివిడిగా చూస్తే ఒక్కో పరీక్షలో మార్కులు అంతకంటే ఎక్కువే. కానీ ఇల్లాలికి మూడూ ఒకేసారి కావాలి. నీళ్లు బాగా వచ్చి ఉప్పగా ఉంటే తాగలేదు, శుభ్రంగా ఉండి మూడు రోజులకోసారి వస్తే సంసారం నడవదు. అందుకే విడివిడి అంకెలు చూసి సంతోషపడకూడదు.

ఇంజనీరు: నూటికి అరవై రెండు అంటే మా రోజుల్లో కలలో కూడా లేని అంకె. నేను ఉద్యోగంలో చేరినప్పుడు చేతిపంపు ఉంటే అది నీళ్లున్న ఊరు.

పరిశీలకురాలు: ఒప్పుకుంటాను. మిగిలిన ముప్పై ఎనిమిది ఇళ్లు ఎక్కడున్నాయన్నదే నా బాధ. అవి ఊరంతా సమానంగా చెదిరి ఉండవు సార్. ఊళ్లోకి వెళ్లి పైపులైను వెంబడి నడవండి. ట్యాంకు పక్క వీధిలో బిందె నిమిషంలో నిండుతుంది. లైను చివర, చాలా ఊళ్లలో అది ఎస్సీ కాలనీయే అవుతుంది, అక్కడ గడియారం పట్టుకుని నిలబడండి. పదిహేను లీటర్ల బిందెకు ఆరు నిమిషాలు పడుతుందనుకుందాం. నీళ్లు వదిలేది గంట. పది బిందెలు, నూట యాభై లీటర్లు. ఆ ఇంట్లో ఐదుగురుంటే కావాల్సింది 275. అంటే సగం దగ్గర ఆగిపోయింది. రిజిస్టరులో ఆ ఇంటికీ కొళాయి ఉన్నట్టే, ఊరి సగటు తీస్తే 55 దాటినట్టే. చివరి ఇంట్లో బిందె పెట్టి చూడకుండా రాసిన ఏ రిపోర్టునూ నేను నమ్మను.

ఇంజనీరు: అది మా డిజైను తప్పు కాదు. మొదటి వీధిలోవాళ్లు కొళాయికి మోటారు బిగిస్తారు. కొందరు వాకిట్లో మోకాలి లోతు గుంట తవ్వి కొళాయిని అందులోకి దించుకుంటారు. పల్లంలో ఉన్న కొళాయికి ప్రెషరు ఎక్కువ, నీళ్లన్నీ అక్కడే దిగుతాయి. మేం పైపు సైజు లెక్కగట్టేది ప్రతి ఇల్లూ తన వంతే తీసుకుంటుందనుకుని. వాల్వు తిప్పే మనిషి వెళ్లి మోటారు తీయమంటే అతని మీదికే వస్తారు. ప్రతి కొళాయి దగ్గరా పోలీసును పెట్టలేం కదా.

పరిశీలకురాలు: మోటారు ఎందుకు బిగించారో కూడా అడగాలి. రేపు నీళ్లు వస్తాయో రావోనన్న భయం ఉన్నచోట చేతికందినంత పట్టుకోవాలనే చూస్తారు. సరఫరా మీద నమ్మకం కుదిరిన ఊళ్లో మోటార్లు తగ్గుతాయి. ఆ గుంట సంగతి ఇంకా ప్రమాదకరం. సరఫరా ఆగిపోగానే పైపు ఖాళీ అయి లోపల పీడనం పడిపోతుంది. గుంటలో నిలిచిన మురికి నీళ్లు వెనక్కి లైనులోకి పోతాయి. మర్నాడు మొదటి బిందెలో పడేది అదే. ట్యాంకు దగ్గర శుభ్రమైన నీరు ఇంటికి చేరేసరికి ఎందుకు చెడిందని అడిగితే జవాబు ఆ గుంటల్లో ఉంటుంది.

ఇంజనీరు: అందుకే క్లోరినేషన్.

పరిశీలకురాలు: దాన్నీ చివరి ఇంట్లోనే చూడాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ మిగిలి ఉన్నచోట నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. రంగును పక్కనున్న అద్దంతో పోల్చి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పొచ్చు. కనీసం 0.2 ఉండాలని మన ప్రమాణం. ట్యాంకు కింద పట్టిన నీళ్లు పచ్చగా తిరిగి, చివరి ఇంటి నీళ్లలో రంగే రాకపోతే దారిలో ఏదో కలిసిందని అర్థం. ఇంకొక సంగతి. బ్లీచింగ్ పౌడరు బస్తా మూతి విప్పి వేసవిలో రేకుల గదిలో పడేస్తే నెల తిరక్కుండానే దాని సత్తువ పోతుంది. కొలత ప్రకారమే వేశానని వాటర్‌మ్యాన్ అంటాడు, అతను చెప్పేది నిజమే. పౌడరులోనే పస లేదు. ఇది కనిపెట్టడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు, బస్తా ఎక్కడ పెట్టారో చూస్తే చాలు.

ఇంజనీరు: ఈ మాట నాకు నచ్చింది. మాకు చెప్పాల్సింది ఇలాంటివే. కానీ మీ రిపోర్టుల్లో ఇవి ఏ అనుబంధంలోనో ఉంటాయి, పైన మాత్రం ‘లక్ష్యాలు పాక్షికంగా నెరవేరాయి’ అని ఉంటుంది. అది చదివిన పెద్దవాళ్లు వచ్చే ఏడాది నిధులు కోస్తారు. నష్టపోయేది ఇంకా పైపు చేరని ఊరు.

పరిశీలకురాలు: ఆ తప్పు మా రిపోర్టులు రాసే పద్ధతిలో ఉంది. దిద్దుకోవాలి.

ఇంజనీరు: ఇంకొకటి. మీరు ఏ నెలలో వస్తారు? కరువు ఏడాది మే నెలలో వచ్చి బోరు ఎండింది, పథకం పోయింది అని రాస్తే అది వాన మీద తీర్పా, మా పని మీద తీర్పా?

పరిశీలకురాలు: మరి వానలు బాగా పడ్డ ఏడాది డిసెంబరులో వచ్చి ‘అద్భుతం’ అని రాస్తే? ఆ మెప్పు మీరు తీసుకోవడం లేదా? పథకం మొదలవకముందు సర్వే నవంబరులో, ముగిశాక సర్వే మేలో చేస్తే పథకం వల్ల నీళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది. తిరగేసి చేస్తే లేని గొప్ప వస్తుంది. అందుకే ముందు, వెనుక సర్వేలు ఒకే నెలలో జరగాలి. పక్కనే అలాంటి నేల, అలాంటి వాన ఉండి పథకం రాని ఊళ్లను కూడా చూడాలి. ఆ ఊళ్లలోనూ అంతే మార్పు వస్తే అది వాన చేసిన పని. తేడా ఉంటే పథకం చేసిన పని. అప్పుడు వానకు పోవాల్సిన నింద మీ మీద పడదు.

ఇంజనీరు: పథకం రాని ఊరికి వెళ్లి సర్వే చేసి, మీకేం రాదు, వివరాలు మాత్రం ఇవ్వండి అని అడగడం నాకు బాధగా ఉంటుంది.

పరిశీలకురాలు: నాకూ ఉంటుంది. అందుకే తర్వాతి విడతలో వరస ఆ ఊళ్లదే కావాలని మొదటే ఒప్పందంలో రాయాలి. ఇన్ని లక్షల మందికి ఒకేసారి ఇవ్వలేం కాబట్టి వరస ఎటూ తప్పదు. ఆ వరసను పైరవీలు నిర్ణయించే బదులు లాటరీ వేస్తే న్యాయమూ ఉంటుంది, పోల్చి చూడటానికీ వీలవుతుంది.

ఇంజనీరు: సరే, వనరు మాటకొద్దాం. మన దేశంలో భూమిలోంచి తోడే నీళ్లలో వ్యవసాయానికి పోయేది సుమారు 87 శాతం. తాగడానికీ ఇంటి వాడకానికీ పోయేది అందులో చిన్న వాటా. మేం ఊరికి ఒక బోరు వేస్తే దాని చుట్టూ పొలాల్లో డజను బోర్లు లేస్తాయి. రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. 2002లో వాల్టా చట్టం వచ్చింది, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు మరో బోరు వేయకూడదని. కళ్లముందే రిగ్గు దిగుతుంది, ఆపేవాళ్లుండరు. మా బోరు ఎండుతుంది, రిపోర్టులో పేరు మాది పడుతుంది.

పరిశీలకురాలు: రైతును దొంగను చేయడం నాకు ఇష్టం లేదు. బోరు పడక అప్పుల పాలైన ఇళ్లు మన జిల్లాలో ఎన్నో. కానీ మీరన్నదాన్నే రిపోర్టులో ముందు పేజీలో పెట్టాలి. తాగునీటి పథకాన్ని కొలిచేటప్పుడు కొళాయి దగ్గర ఆగిపోకుండా నేల కింది నీటి మట్టం దాకా వెళ్లాలి. 2000ల దశకంలో మన ఏడు కరువు జిల్లాల్లో రైతుల యాజమాన్యంలో భూగర్భజల పథకం నడిచింది గుర్తుందా? రైతులే బోరులోకి టేపు దించి నీటి మట్టం కొలిచేవారు. వానను కొలిచేవారు. ఆ అంకెలు ఊళ్లో గోడ మీద బోర్డుకు ఎక్కేవి. రబీకి ముందు కూర్చుని, నేలలో ఇన్ని నీళ్లున్నాయి, వరి వేస్తే ఇంత పోతుంది, వేరుశనగ అయితే ఇంత అని లెక్క వేసుకునేవారు.

ఇంజనీరు: చూశాను. ఆ అంకెలు విని అందరూ పంట మార్చారా?

పరిశీలకురాలు: అందరూ మార్చలేదు. ఆ ప్రయత్నం ఎంత ఫలించిందన్న దాని మీద పండితులే రెండు మాటలు చెప్పారు. కానీ గోడ మీద అంకె ఉన్న ఊళ్లో, బోరు ఎందుకు ఎండిందని అడిగితే దేవుడి మీదికీ ఇంజనీరు మీదికీ నెట్టరు. లెక్క వాళ్ల చేతిలో ఉంది. తాగునీటి పథకంతోపాటు ఆ టేపూ ఆ బోర్డూ ప్రతి ఊరికీ ఇవ్వాలంటాను. ఖర్చు ఎంతో కాదు.

ఇంజనీరు: ఫ్లోరైడు సంగతి మీరెలా కొలుస్తారు? లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఒప్పుకోవచ్చు అన్నది మన ప్రమాణం. బోరు లోతుకు వెళ్లేకొద్దీ చాలాచోట్ల అది పెరుగుతుంది. మేం నది నీళ్లు తెచ్చాం. రెండేళ్లకు మీరొచ్చి బడిపిల్లల పళ్లు చూసి, గార అలాగే ఉంది కాబట్టి ఫలితం లేదంటే?

పరిశీలకురాలు: అలా రాసినవాళ్లకు విషయం తెలియదన్నమాట. శాశ్వత దంతాల మీది మచ్చలు చిన్నతనంలో పళ్లు చిగురు కింద తయారయ్యేటప్పుడే పడతాయి. ఇవాళ మంచినీళ్లు ఇచ్చినా పదేళ్ల పిల్లవాడి పళ్లు మారవు. పథకం వచ్చాక పుట్టిన పిల్లలకు ముందు పళ్లు వచ్చేదాకా, అంటే ఏడెనిమిదేళ్లు ఆగి చూడాలి. ఈలోగా మూత్రంలో ఫ్లోరైడు తగ్గిందేమో పరీక్షిస్తే త్వరగా తెలుస్తుంది. ఏ ఫలితానికి ఎంత కాలం పడుతుందో తెలుసుకోకుండా గడువు పెట్టడం మీకూ అన్యాయం, ఊరికీ అన్యాయం. అయితే ఒక్క ప్రశ్న మాత్రం రెండో ఏడే అడగొచ్చు. మీరు తాగే నీళ్లు ఏవి?

ఇంజనీరు: అంటే?

పరిశీలకురాలు: కొళాయి ఉందా అంటే ఉందంటారు. నీళ్లు వస్తాయా అంటే వస్తాయంటారు. తాగేవి ఏవి అంటే వంటింట్లో ఉన్న ఇరవై లీటర్ల క్యాను చూపిస్తారు. కూలికి పోయే ఇల్లు కూడా ఆర్వో ప్లాంటు దగ్గర డబ్బులిచ్చి కొంటోంది. కొళాయి నీళ్లు గిన్నెలకూ బట్టలకూ. అంటే ఆ ఇల్లు మన పథకాన్ని తాగునీటి పథకంగా ఒప్పుకోలేదు. నీళ్లు బాగున్నాయని మీ ల్యాబు చెప్పినా, ఆ కాగితం ఆ ఇంటి దాకా రాలేదు.

ఇంజనీరు: ఇది నిజం. మా పరీక్ష ఫలితాలు ఫైళ్లలో ఉంటాయి, ఊళ్లో అంటించం. ఇక మరుగుదొడ్లకు రండి. ఇక్కడ మీ చదువుతోనే మిమ్మల్ని అడుగుతాను. ఒడిశాలో పూరీ జిల్లాలో వంద ఊళ్లు తీసుకుని పెద్ద పరిశోధన చేశారు, 2014లో అచ్చయింది. పథకం అమలైన ఊళ్లలో మరుగుదొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. పిల్లల విరేచనాలు మాత్రం తగ్గలేదు. 2018, 2019ల్లో బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో చేసిన పరిశోధనలు వచ్చాయి. నీరు, మరుగుదొడ్డి, చేతుల శుభ్రత ఇచ్చినా పిల్లల ఎదుగుదల పెరగలేదన్నారు. విరేచనాలు బంగ్లాదేశ్‌లో తగ్గాయి, మిగతా రెండు చోట్లా తగ్గలేదు. మీ లెక్కనే పాటిస్తే ఇవన్నీ మూసేయాలి కదా?

పరిశీలకురాలు: మూసేయమని ఆ పరిశోధకులే అనలేదు సార్. అరకొరగా చేస్తే చాలదన్నారు. ఒడిశా ఊళ్లలో గది కట్టారు, చాలామంది వాడలేదు. వాడనివాళ్లు సగం మంది మిగిలితే మలం పొలంలోంచి, చెరువులోంచి అందరి ఇళ్లకూ వస్తుంది, వాడే ఇంటికి కూడా. అదే ఒడిశాలో గ్రామ్ వికాస్ అనే సంస్థ వేరే షరతు పెట్టింది. ఊళ్లో ప్రతి ఇల్లూ చేరితేనే పని మొదలు. మరుగుదొడ్డితోపాటు స్నానాల గది, కొళాయి నీళ్లు. ఆ ఊళ్లలో వైద్యానికి వెళ్లాల్సి వచ్చిన విరేచనాల కేసులు 30 నుంచి 50 శాతం తగ్గాయని 2015లో వచ్చిన అధ్యయనం చెప్పింది. తేడా ఎక్కడుందో చూడండి. ఒకచోట గదులు లెక్కపెట్టారు, ఇంకోచోట నీళ్లు, మరుగుదొడ్డి, ఊరంతా కలిసి రావడం, మూడింటినీ ఒకే పనిగా చూశారు.

ఇంజనీరు: కరువు ప్రాంతంలో అదే కష్టం.

పరిశీలకురాలు: అదే కష్టం కాబట్టే ఇక్కడ మరింత జాగ్రత్తగా చూడాలి. స్వచ్ఛ భారత్ కింద ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చారు. 2019 అక్టోబరు 2న దేశంలోని పల్లెల్లో ఆరుబయట మలవిసర్జన ఆగిపోయిందని ప్రకటించారు. 2019 నుంచి 2021 దాకా సాగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అయిదో విడత, 19 శాతం ఇళ్లు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని తేల్చింది. అంతకుముందు విడతలో 39 శాతం ఉండేది. సగానికి తగ్గడం గొప్ప సంగతి, నేను కాదనను. పూర్తయిందనడం మాత్రం తప్పు. మన పల్లెలో తలుపు తీస్తే లోపల కట్టెలు, పశువుల మేత కనిపిస్తాయి. ఎందుకని అడిగితే, నీళ్లెవరు మోస్తారమ్మా అంటారు. పల్లెల కోసం తయారైన వాలు ఎక్కువున్న బేసిన్‌కు రెండు లీటర్లు చాలు. దాని బదులు పట్నం బేసిన్ పెడితే బకెట్ పోయాలి. ఆ బకెట్ మోసేది ఆడమనిషి. నీళ్లు లేని మరుగుదొడ్డి ఆమె తలమీద ఇంకో బిందె పెట్టింది.

ఇంజనీరు: గుంటల మాటా చెప్పండి. రెండు గుంటలు తవ్వమన్నాం, ఒకటి నిండితే ఇంకోదానికి మళ్లించి, మొదటిది ఏడాది రెండేళ్లు వదిలేస్తే ఎరువవుతుందని. కాంట్రాక్టరు ఒకటే తవ్వుతాడు, లేదా రెండింటికీ ఒకేసారి కలిపేస్తాడు. అది నిండినరోజు ఎవరినో లోపలికి దింపాల్సి వస్తుంది.

పరిశీలకురాలు: ఆ మనిషి ఎవరై ఉంటాడో మనకు తెలుసు. కాబట్టి మూత తీసి గుంటలు చూడని పరిశీలన పరిశీలనే కాదు. చేతుల శుభ్రత కూడా అంతే. సబ్బుతో కడుగుతారా అంటే కడుగుతామనే అంటారు, అతిథి ముందు ఎవరూ కాదనరు. అడగడం మానేసి, మరుగుదొడ్డి దగ్గర నీళ్లూ తడి ఆరని సబ్బూ ఉన్నాయో చూడాలి. బడిలోనూ అంతే. ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపలి గడియ ఉందా, నీళ్లు లోపలికే వస్తాయా, ప్యాడ్లు పారేయడానికి చోటుందా? మూడు ప్రశ్నలు, కళ్లతో చూసే జవాబులు.

ఇంజనీరు: ఇప్పుడు నా అసలు మాట వినండమ్మా. విరేచనాలు తగ్గినా తగ్గకపోయినా, తెల్లారుజామున మూడింటికి లేచి కిలోమీటరు దూరం వ్యవసాయ బోరు దగ్గర రైతును బతిమాలి నీళ్లు తెచ్చుకున్న ఆడమనిషికి ఇంటి ముందు కొళాయి వచ్చింది. ఆ ఒక్కటీ చాలదా? ఆ సుఖాన్ని ఏ జబ్బు లెక్కతో రుజువు చేయమంటారు?

పరిశీలకురాలు: చాలు. ఇక్కడ మీ వాదనే నెగ్గింది. మాలో చాలామంది ఆరోగ్యం అంకెల్లో పడి ఆ శ్రమను రెండో వరసలో పెట్టారు. ఒకరిని నీళ్ల కోసం బతిమాలే అవసరం పోవడం దానికదే ఫలితం, దాన్ని రిపోర్టులో మొదటే రాయాలి. అలా రాయాలన్నా చివరి ఇంటికే వెళ్లాలి సార్. మొదటి వీధి ఇల్లాలికి ఆ శ్రమ పోయి, చివరి వీధి ఇల్లాలు ఇంకా మూడింటికే లేస్తుంటే, సగటు చెప్పి ఇద్దరినీ ఒక్క గాటన కట్టలేం.

ఇంజనీరు: మరి దీన్నంతా నడిపేదెవరు? తాగునీరు రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీ పని. పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీటికీ పారిశుద్ధ్యానికే కట్టివేశారు. అయినా వాటర్‌మ్యాన్‌కు జీతం నెలల తరబడి ఆగుతుంది. వాల్వు లీకైతే గోనెపట్టా చుడతారు. మాకు కొత్త పథకానికి కోట్లిస్తారు, పాతదాని రిపేరుకు వేలు పుట్టవు.

పరిశీలకురాలు: అందుకే నా షరతు ఒకటి. పథకం అప్పగించాక మూడు ఎండాకాలాలు గడిచేదాకా అది పూర్తయిందని రాయకూడదు. కాంట్రాక్టరుకు చివరి వాయిదా ఆ మూడో ఎండాకాలం తర్వాతే ఇవ్వాలి.

ఇంజనీరు: మూడేళ్లు బిల్లు ఆపితే చిన్న కాంట్రాక్టర్లు మునిగిపోతారు, పెద్ద కంపెనీలే మిగులుతాయి. దానికి నేను ఒప్పుకోను. చివరి వాయిదాలో చిన్న భాగం ఆపండి, చాలు. ఇంకొకటి, పాత పథకం పరిశీలన తేలేదాకా కొత్త ఊరికి పైపు ఆపడానికి కూడా ఒప్పుకోను. దాహం రిపోర్టు కోసం ఆగదు.

పరిశీలకురాలు: రెండో మాటకు నేనూ మీ పక్కనే. మొదటిదాని మీద మనం కలవలేదు, అలాగే ఉండనివ్వండి. కానీ రిపోర్టు ఎవరి చేతికి వెళ్లాలి?

ఇంజనీరు: ఇప్పుడు ఇంగ్లీషులో రాసి డబ్బిచ్చినవాళ్లకు పంపుతారు.

పరిశీలకురాలు: తెలుగులో, రెండు పేజీల్లో, గ్రామసభలో చదివి వినిపించాలి. చివరి కొళాయిలో వచ్చిన లీటర్లు, క్లోరిన్, ఫ్లోరైడు అంకెలు పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలి. తప్పుంటే ఊరే దిద్దుతుంది.

ఇంజనీరు: అలా రాస్తే నేను సంతకం పెడతాను.

వీళ్లిద్దరి మధ్య తేడా పూర్తిగా తీరలేదు, తీరాల్సిన అవసరమూ లేదు. కట్టినవాడి కష్టాన్ని గుర్తించని పరిశీలన గుడ్డిది. చివరి ఇంటిని లెక్కలోకి తీసుకోని నిర్మాణం అసంపూర్తిది. కరువు ప్రాంతంలో నీటి పథకానికి అసలు పరీక్ష మూడో ఎండాకాలంలో, లైను చివరి ఇంట్లో, ఆ ఇంటి ఆడమనిషి మాటలో జరగాలన్నది నా తీర్పు. ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినోత్సవం, సరిగ్గా ఎండలు ముదిరే వేళ. ఆరోజు మీ ఊళ్లో గ్రామసభ జరిగితే వెళ్లండి. చివరి కొళాయిలో గంటకు ఎన్ని బిందెలు వస్తున్నాయి, ఆ నీళ్లను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, వాటర్‌మ్యాన్‌కు జీతం ఏ నెల దాకా అందింది? ఈ మూడూ అడగండి. జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించి, మరుసటి ఏప్రిల్‌లో మళ్లీ అడగండి.